మిషను ఆవరణ, గ్రామ సంఘము, వికలాంగులు: పల్నాటి నుండి ఒక చారిత్రక పరిశీలన

పల్నాడు జిల్లా మాచవరం మండలంలో నెల మొదటి తేదీన సచివాలయ ఉద్యోగులు పింఛను డబ్బుతో ఇంటింటికీ వస్తారు. పోలియో వలన కాలు చచ్చుబడిన నడివయస్సు మనిషి, పుట్టుకతోనే చూపు లేని ముసలమ్మ, మాట రాని యువకుడు తమ గడప దగ్గరే వేలిముద్ర వేసి డబ్బు అందుకుంటారు. వీరిలో మన సంఘముల విశ్వాసులు తక్కువమందేమీ కాదు. "ఈ పింఛను మీకు ఎలా వచ్చింది?" అని నేను చాలామందిని అడిగాను. ఒకరు ఒక ముఖ్యమంత్రి పేరు చెప్పారు, ఇంకొకరు మరొక ముఖ్యమంత్రి పేరు చెప్పారు. కొందరు మంద కృష్ణ పేరు చెప్పారు. సంఘము పేరు చెప్పినవారు ఇంతవరకు నాకు తగలలేదు.

చరిత్ర తెలిసినవారికి ఇది ఆశ్చర్యం కలిగించే విషయమే. మన దేశంలో అంధులకు మొదటి పాఠశాలను 1887లో అమృతసర్‌లో అన్నీ షార్ప్ అనే మిషనెరీ తెరిచారు. దక్షిణాదిలో పాళయంకోటలో మిషనెరీ స్త్రీలే ముందు అంధుల కొరకు, తరువాత 1897లో ఫ్లోరెన్స్ స్వెయిన్సన్ చేతుల మీదుగా బధిరుల కొరకు పని ప్రారంభించారు. కుష్ఠురోగుల ఆశ్రమాల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఇంత ముందుగా పని మొదలుపెట్టిన క్రైస్తవ సమాజము, వికలాంగులు తమ హక్కుల కొరకు రోడ్డెక్కిన కాలానికి వారి జ్ఞాపకంలో ఎందుకు లేకుండా పోయింది? ఈ వ్యాసంలో ఆ ప్రశ్ననే పరిశీలించదలచాను. నాకు తోచిన జవాబు ఇది. మిషనులు వికలాంగుల కొరకు స్థలములు కట్టాయి గాని, గ్రామ సంఘములో వారికి స్థానము ఏర్పరచలేదు. ఆవరణలో జరిగిన మేలు ఆవరణలోనే ఉండిపోయింది.

పని చేయలేనివారు

లూథరన్ మిషనెరీ ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరారు. మొదటి విడత సేవ ముగించి, బాల్టిమోరులో వైద్యపట్టా తీసికొని, రెండవసారి వచ్చిన తరువాత 1849లో గురజాల కేంద్రంగా పల్నాటి పని ప్రారంభించారు. పల్నాటిలో సువార్త ఆరంభం నుండే వైద్యంతో కలిసి నడిచిందని మన సంఘ చరిత్రలు సరిగానే చెబుతాయి. అయితే వైద్యుడు రోగిని బాగుచేయగలడు. బాగుకానివాడు, అంటే జీవితమంతా ఆ శరీరంతోనే బ్రదుకవలసినవాడు, వైద్యుని లెక్కలోనికి రాడు. అట్టివాడు మొదట వచ్చింది ప్రభుత్వపు లెక్కలోనికి. అది కూడా కరువు పుణ్యమా అని.

1876-78 నాటి ధాతు కరువులో మద్రాసు ప్రభుత్వం సహాయాన్ని రెండు పాయలుగా విడదీసింది. కాయకష్టం చేయగలవారికి పని, ఆ పనికి కూలి. చేయలేనివారికి ఉచిత సహాయం. తరువాత వచ్చిన కరువు నిబంధనలు ఈ విభజనను స్థిరపరిచాయి. గ్రుడ్డివారు, కుంటివారు, ముసలివారు, వారిని చూచుకొనేవారు రెండవ పాయలో ఉండేవారు. ఒంగోలులో జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసికొని వేలమందికి పని కల్పించిన సంగతి, కరువు తీరిన తరువాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన సెమినరీలలో ప్రతి విద్యార్థికీ తెలుసు. ఆ కాలువ కథలో పార పట్టగలిగినవారు కనబడతారు, పట్టలేనివారు కనబడరు. క్లౌ గారిని తప్పుపట్టడం నా ఉద్దేశ్యం కాదు. ఆయన కాపాడిన ప్రాణాలు లెక్కలేనన్ని. కాని వైకల్యం అంటే "పని చేయలేకపోవడం" అనే నిర్వచనం కరువు కాలంలో మన నేలలో పాతుకొంది. నేటి పింఛను శాతాల వెనుక కూడా దాని నీడ ఉంది.

లెక్కల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1872 నుండి 1931 వరకు జనాభా లెక్కలలో మతిస్థిమితం లేనివారిని, చెవిటి మూగవారిని, అంధులను, కుష్ఠురోగులను విడిగా లెక్కించేవారు. 1941 నుండి ఆ లెక్క ఆగిపోయింది. 1981లో మాత్రం కొంత లెక్కించి, 1991లో మరల మానివేశారు. 2001 లెక్కలలో వికలాంగులను చేర్చడానికి జావేద్ అబిదీ మొదలైన ఉద్యమకారులు ఢిల్లీలో పోరాడవలసి వచ్చింది. 2011 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారి సంఖ్య 22.66 లక్షలు. మన పారిష్ రిజిస్టర్లలో బాప్తిస్మము, నిర్ధారణ, వివాహము, మరణము, కానుకలు అన్నిటికీ గడులు ఉన్నాయి. సంఘములో ఎందరు వికలాంగులున్నారో తెలిపే గడి నేను పనిచేసిన ఏ పారిష్‌లోనూ చూడలేదు.

రెంటచింతల

ఎండలకు రాష్ట్రమంతటా పేరుపడిన రెంటచింతల, లూథరన్‌లకు మరొక కారణం వలన ప్రసిద్ధం. మిషను ఆసుపత్రి ఉన్న ఆ ఊరిలోనే సంఘము ఆధ్వర్యంలో అంధుల పాఠశాల కూడా నడిచింది. పల్నాటి వంటి మెట్ట ప్రాంతంలో, చూపున్న పిల్లలకే బడి అందని కాలంలో, చూపులేని పిల్లలకు అక్షరం నేర్పే చోటు ఒకటి ఉండడం చిన్న విషయం కాదు.

ఆ అక్షరం గురించి రెండు మాటలు. ఆరు చుక్కల బ్రెయిలీ లిపి మన దేశానికి మిషనెరీలతోనే ఎక్కువగా వచ్చింది. అయితే ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్కరు తమకు తోచిన విధంగా చుక్కలను అక్షరాలకు జతచేశారు. ఒక పాఠశాలలో చదివినవాడు మరొక పాఠశాల పుస్తకం చదువలేని స్థితి ఏర్పడింది. స్వాతంత్ర్యం తరువాత 1951లో భారతీ బ్రెయిలీ రూపొందింది. ఒకే ధ్వనికి దేశ భాషలన్నింటిలో ఒకే చుక్కలు అనేది దాని సూత్రం. తెలుగు "అ"కు ఒకటవ చుక్క, "క"కు ఒకటి, మూడు చుక్కలు. హిందీకి కూడా అవే. ఉత్తరాది మిషను, దక్షిణాది మిషను దేని లిపి దానిదే అనుకున్నంతకాలం చేయలేని పనిని, అందరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి ప్రభుత్వం చేయగలిగింది. మనలో శాఖాభేదాల వలన నష్టపోయినవారి జాబితాలో అంధులైన పిల్లలను కూడా చేర్చుకోవాలి.

నా చిన్నతనంలో, 1980 ప్రాంతంలో, మా ఊరి కూటాలకు చూపులేని ఒక ఉపదేశి వచ్చేవారు. ఒక రాత్రి ఆయన మోకాళ్ళ మీద పెద్ద పుస్తకం పెట్టుకొని వ్రేళ్ళతో సువార్త చదువుతూ ఉండగా కరెంటు పోయింది. మేమందరం పుస్తకాలు మూసివేశాము. లాంతరు తెచ్చేవరకు ఆయన చదువుతూనే ఉన్నారు. ఆ రాత్రి ఆ గుడిలో చదువగలిగినవాడు ఆయన ఒక్కడే. దాన్ని నేను ఇప్పటికీ మరువలేదు.

మరువలేని రెండవ సంగతి కూడా ఉంది. సంవత్సరానికి ఒకసారి ప్రత్యేక కానుక పట్టే ఆదివారం ఆయనను వేదిక మీద కూర్చోబెట్టేవారు. మిగిలిన ఆదివారాల్లో ఆయన గోడ వారన కూర్చునేవారు. సంఘ కమిటీకి ఆయన పేరు ఎవరూ ప్రతిపాదించలేదు. ఆయన పెండ్లి విషయం మాట్లాడినవారూ లేరు. పాఠశాల ఆయనకు అక్షరాన్ని, పాటను, స్వతంత్రంగా నడిచే ధైర్యాన్ని ఇచ్చింది. ఆ పాఠశాల నుండి తిరిగివచ్చినవానితో ఏమి చేయాలో మాత్రం గ్రామ సంఘానికి ఎవరూ నేర్పలేదు. ఆవాస పాఠశాల పద్ధతిలో ఉన్న లోపం ఇదే. బిడ్డ ఆరేడేండ్ల వయస్సులో ఊరు విడిచిపోతాడు; తిరిగివచ్చేసరికి ఊరు అతనిని ఎరుగదు. పంపించే బాధ్యత తీరిపోయిందని ఊరు అనుకుంటుంది.

విదేశీ మిషను బోర్డుల సహాయం తగ్గిపోయిన తరువాత తెలుగునాట ఇటువంటి సంస్థలు అనేకం బలహీనపడ్డాయి. సంఘములు వాటిని తమవిగా భావించి ఉంటే గుప్పెడు బియ్యంతోనైనా నిలబెట్టుకొనేవి. గుడులు కట్టుకోలేదా!

ఆశ్రమము, చట్టము

కుష్ఠు పరిచర్యలో ఈ ఆవరణ గోడ మరింత ఎత్తుగా ఉండేది. దానికి భయం ఒక కారణమైతే, చట్టం మరొక కారణం. 1898 కుష్ఠురోగుల చట్టం బిచ్చమెత్తే రోగులను నిర్బంధించి ఆశ్రమాలలో ఉంచడానికి అధికారమిచ్చింది. కొన్ని వృత్తులు చేయకుండా, బహిరంగ బావులు వాడకుండా వారిని ఆపడానికి కూడా వీలు కల్పించింది. మన ఆశ్రమాలు కరుణతో తెరిచినవే. కాని ఆ చట్టం క్రింద అవి కొందరికి బందీఖానాలు కూడా అయ్యాయని ఒప్పుకోవాలి. చాలా ఆశ్రమాలలో స్త్రీ పురుషులను వేరుగా ఉంచేవారు. భార్యాభర్తలకు కూడా మినహాయింపు అరుదు. ఆ చట్టాన్ని పార్లమెంటు 2016లో గాని రద్దు చేయలేదు. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధన 2019లో పోయింది. ఈ రెండు తేదీలను గమనించండి. రోగం నయమయ్యే మందులు వచ్చి దశాబ్దాలు గడిచిన తరువాత కూడా చట్టం రోగిని వెలివేస్తూనే ఉంది. ఇన్ని సంవత్సరాలు ఈ రోగుల మధ్య ఆసుపత్రులు నడిపిన మనము ఈ చట్టాలను మార్చాలని ఎంత గట్టిగా అడిగాము?

గుంటూరు జిల్లావారికి బాపట్లలోని రక్షణ సైన్యపు ఎవాంజెలిన్ బూత్ కుష్ఠు ఆసుపత్రి తెలిసినదే. తెలంగాణలో దానికంటె పేరున్నది నిజామాబాదు దగ్గరి డిచ్‌పల్లి. అక్కడి చరిత్రను మనము ఎలా చెబుతున్నామో చూడండి. స్కాట్లాండు వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త, మెథడిస్టు సేవకుడైన జార్జి కెర్, 1907లో హైదరాబాదు రాజ్యానికి వచ్చారు. డిచ్‌పల్లి ఆసుపత్రి 1915లో ప్రారంభమైంది. ఇసబెల్ గారు 1932లో చనిపోయే వరకు ఆ పనిలోనే ఉన్నారు. ఇది మన ప్రసంగాలలో వింటాము. ఆ ఆసుపత్రి పునాదికి పెద్ద మొత్తం విరాళమిచ్చినవాడు రాజా నర్సాగౌడ్ అనే హిందువు. ఆయన పేరు మన ప్రసంగాలలో అరుదు. ఇక అక్కడ చికిత్స పొందిన రోగులలో ఒక్కరి పేరైనా చెప్పగలవారు మనలో ఎవరైనా ఉన్నారా? మిషను చరిత్ర ఇచ్చినవారి చరిత్రగా వ్రాయబడింది. పుచ్చుకొన్నవారు అందులో "రోగులు" అనే బహువచనంగా మిగిలిపోయారు.

నీటి వలన వచ్చినది

పల్నాటివారు వైకల్యం గురించి మాట్లాడితే నీటి గురించి మాట్లాడక తప్పదు. మన దేశంలో ఫ్లోరైడు వలన ఎముకలు వంగిపోయే వ్యాధిని వైద్యులు మొదట గుర్తించి 1937లో ప్రచురించినది నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా నుండి. షార్ట్, ఆయన సహచరులు ఆ వ్యాసం వ్రాశారు. నల్లగొండ పేరు తరువాత దేశమంతా మ్రోగింది. వినుకొండ, బొల్లాపల్లి వైపు పళ్ళ మీద గోధుమరంగు చారలు చూడనివారు మనలో ఉండరు.

ఇందులో అంతగా తెలియని అధ్యాయం ఒకటి ఉంది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గారలు, ఫ్లోరైడు ఉన్న ప్రాంతపు యువకులలో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే కొత్త రకం వైకల్యం గురించి లాన్సెట్ పత్రికలో వ్రాశారు. జలాశయం వలన పరిసరాల భూగర్భజలం పైకి లేచి, నేల గుణం మారి, అక్కడ పండిన జొన్నలో మాలిబ్డినం పెరిగి, జొన్నకూడు తినే పేదలకు అది కీడు చేసి ఉండవచ్చునని ఆ తరువాత కొందరు పరిశోధకులు ప్రతిపాదించారు. ఇది నిర్ధారణ అయిన తీర్పు అని నేను అనను. కాని ఆలోచించవలసిన సంగతి. వరి తినేవానికి వరమైన జలాశయం, జొన్న తినేవాని కాళ్ళను వంచి ఉండవచ్చునన్న మాట.

యోహాను 9వ అధ్యాయంలో శిష్యులు అడిగిన ప్రశ్న మనకు తెలుసు: వీడు చేసిన పాపమా, వీని కన్నవారు చేసిన పాపమా? ప్రభువు రెండింటినీ త్రోసిపుచ్చాడు. పల్నాటి పల్లెలలో ఈ ప్రశ్న ఇంకా బ్రతికే ఉంది. బిడ్డ కాళ్ళు వంగితే తల్లి ఏదో చేసి ఉంటుందంటారు. కొందరు స్వస్థత ప్రసంగీకులు తల్లికి విశ్వాసం చాలలేదంటారు. అదే ప్రశ్నకు అది మరొక రూపం. పంపు దగ్గరి నీరు పరీక్ష చేయించండి అని చెప్పిన ప్రసంగం మాత్రం నేను వినలేదు, నేను చేయనూ లేదు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని భారత ప్రమాణం. ఈ అంకె తెలిసిన కాపరి ఆ తల్లికి చేయగలిగిన మేలు ఎక్కువ.

మన మనుషులు, వేరే జెండా

1981ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటించింది. 1995లో మొదటి సమగ్ర చట్టం వచ్చింది. ఏడు రకాల వైకల్యాలను అది గుర్తించి, ఉద్యోగాలలో 3 శాతం రిజర్వేషను కల్పించింది. 2007లో భారతదేశం ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ఆమోదించింది. దానికి అనుగుణంగా వచ్చిన 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి రిజర్వేషనును 4 శాతం చేసింది. ఇవి సెమినరీ విద్యార్థులు ఎక్కడైనా చదువుకోవచ్చు.

మన సంఘ చరిత్రలో వ్రాయబడనిది దీని క్రింది అంతస్తు. 2000 తరువాత వెలుగు పథకం క్రింద పల్లెలలో వికలాంగులను పొదుపు సంఘాలుగా కూర్చారు. వాటిని మండల సమాఖ్యలుగా కలిపారు. మన భాషలో ఆ సంఘానికీ మన సంఘానికీ ఒకటే మాట. వారం వారం కూడుకోవడం, హాజరు వ్రాసుకోవడం, కష్టం చెప్పుకోవడం, తలా కొంచెం దాచుకోవడం కూడా ఒకటే. ఎన్నడూ సభలో నోరు తెరవనివారు అక్కడ అధ్యక్షులయ్యారు, బ్యాంకు కాగితాల మీద సంతకాలు పెట్టారు.

1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలుపెట్టిన మంద కృష్ణ 2007లో వికలాంగుల హక్కుల పోరాట సమితిని స్థాపించారు. మూడు చక్రాల బండ్ల మీద, చంకకర్రల మీద వచ్చి వేలమంది రోడ్ల మీద కూర్చున్నారు. ఆ పోరాటాల తరువాత పింఛను 200 రూపాయల నుండి 500కు పెరిగింది. 2014లో వైకల్య శాతాన్ని బట్టి 1,000, 1,500 అయింది. 2019లో 3,000, 2024 జూలైలో 6,000 అయింది. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000. ప్రతి ప్రభుత్వమూ ఇది తన దయ అని చెప్పుకుంది. కూర్చున్నవారికి నిజం తెలుసు.

ఆ ధర్నాలలో కూర్చున్న మన ప్రాంతపువారిలో చాలామంది ఆదివారం మన గుడులలో చాపల మీద కూర్చునేవారే. వారి తాత ముత్తాతలు క్లౌ చేతనో లూథరన్ మిషనెరీల చేతనో బాప్తిస్మము పొందినవారే. సోమవారం వారు వేరే జెండా క్రిందికి వెళ్ళారు. మనము వారిని ఆపలేదు, వెంట వెళ్ళనూ లేదు. "అవి రాజకీయాలు" అన్నాము. లూకా 14లోని విందు మీద ప్రసంగించడం మనకు ఇష్టమే. ఆ విందులో అంగహీనులు యజమాని పిలిస్తే వస్తారు. పిలవకుండానే వచ్చి బల్ల దగ్గర చోటు అడిగినప్పుడు ఏమి చేయాలో మనకు తోచలేదు. కారంపూడి చాపకూడు కథ విని పెరిగిన పల్నాటివారికి ఒకే చాప మీద కూర్చోవడం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

పేర్ల గురించి చిన్న మాట. ప్రభుత్వం వికలాంగులను విభిన్న ప్రతిభావంతులు అంటోంది. 2015 చివర ప్రధానమంత్రి దివ్యాంగులు అనే మాట సూచించారు. ఉద్యమాలలో ఉన్నవారిలో చాలామందికి ఈ రెండవ మాట నచ్చలేదు. నాకు కూడా నచ్చదు. మనిషిని దేవుణ్ణి చేస్తే అతనికి మెట్ల ప్రక్కన వాలుదారి కట్టే పని తప్పుతుంది. అయినా మన తెలుగు బైబిలు చదివేవారు పల్లెలో ఇంటిపేరుకు బదులు "కుంటి", "గుడ్డి" అని తగిలించి పిలవడం మానకుండా ప్రభుత్వపు మాటలను విమర్శించే అర్హత మనకెక్కడిది?

మాట రానివాని ఒప్పుకోలు

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. నేను పరిచర్యకు వచ్చిన తొలి సంవత్సరాలలో ఒక తల్లి తన కుమారునికి బాప్తిస్మము ఇమ్మని అడిగింది. ఇరవై ఏండ్లవాడు, గొర్రెలు కాస్తాడు, పుట్టుకతో వినికిడి లేదు, మాట లేదు, బడికి వెళ్ళలేదు. బాప్తిస్మపు ప్రశ్నలకు అతడు ఏమని జవాబు చెబుతాడని నేను అడిగాను. నోటితో ఒప్పుకోవడం గురించి రోమా 10వ అధ్యాయం చూపించాను. విశ్వాసము వినుట వలన కలుగుతుందన్న మాటను కూడా ఆ తల్లికి చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. కొడుకు చెయ్యి పట్టుకొని వెళ్ళిపోయింది. రెండేండ్లు ప్రభురాత్రి భోజనము జరిగిన ప్రతిసారీ అతడు గుడి బయట వేపచెట్టు క్రింద నిలబడి లోపలికి చూచేవాడు.

నేను చేసినది కొత్త తప్పు కాదు. ఆగస్టీను వ్రాసిన ఒక వాక్యాన్ని పట్టుకొని, చెవిటితనం విశ్వాసానికి అడ్డమని శతాబ్దాల తరబడి చాలామంది బోధించారు. ఆయన ఉద్దేశ్యం అది కాదని నేటి పండితులు కొందరు వాదిస్తారు. కాని వాడుక మాత్రం అలాగే సాగింది. లూథరు 1520లో బల్ల సంస్కారాన్ని గురించి వ్రాస్తూ, చెవిటి మూగవారు నిజంగా కోరుతున్నారని నమ్మదగిన సూచనలు కనబడితే వారికి నిరాకరించరాదని స్పష్టంగా చెప్పాడు. ఇదే లూథరు బుద్ధిమాంద్యం గల ఒక బిడ్డను గురించి భోజనపు బల్ల దగ్గర అన్న కఠినమైన మాటలు కూడా గ్రంథస్థమై ఉన్నాయి. వాటిని దాచవలసిన పని లేదు. కాని లూథరన్ బోధ విని పెరిగిన ప్రాంతంలో, సుమారు ఐదువందల ఏండ్ల క్రితమే ఆయన పరిష్కరించిన ప్రశ్నను నేను మరల అడ్డుగా పెట్టాను. బి.డి. చదివాను, ఆ పేజీ చదువలేదు. జెకర్యా మాట పోయినప్పుడు పలక అడిగి వ్రాసిన సంగతి లూకా మొదటి అధ్యాయంలోనే ఉంది. అదీ చూడలేదు.

రెండేండ్ల తరువాత ఆ యువకుని చెల్లెలిని పిలిచాను. ఇంట్లో వారి మధ్య పుట్టిన సైగలు ఆమెకు వచ్చు. బాప్తిస్మపు ప్రశ్నలు ఒక్కొక్కటే ఆమె చేతులతో అడిగింది. క్రీస్తును ఎరుగుదువా అన్నప్పుడు అతడు కుడిచేతి వ్రేలితో ఎడమ అరచేతి మధ్య పొడిచి చూపించాడు, తరువాత ఎడమ వ్రేలితో కుడి అరచేతిలో. ఎవరు నేర్పారని అడిగితే క్యాలెండరు బొమ్మ చూచి తానే కల్పించుకున్నాడని చెల్లెలు చెప్పింది. బధిరుల సైగల భాషలు అనేకంలో యేసుకు గుర్తు దాదాపు అదేనని నాకు చాలా కాలం తరువాత తెలిసింది. అమెరికా వేదాంతి నాన్సీ ఐస్‌లాండ్ 1994లో ప్రచురించిన గ్రంథంలో, పునరుత్థానుడైన ప్రభువు గాయపడిన చేతులతో, పాదములతోనే శిష్యులకు కనబడ్డాడని, ఆ శరీరంలోనే వికలాంగుడు దేవుణ్ణి ఎరుగుతాడని వాదించింది. ప్రపంచ సంఘముల సమాఖ్య 2003లో వికలాంగుల గురించి విడుదల చేసిన ప్రకటన కూడా వారిని పరిచర్య పొందేవారిగా మాత్రమే గాక పరిచర్య చేసేవారిగా చూడాలంటుంది. ఆ గొర్రెల కాపరి ఈ పుస్తకాలేవీ చదువలేదు. ఆయన అరచేయి చూపిన తరువాత నేను అడగవలసిన ప్రశ్నలు ఇంకా మూడు ఉన్నాయి. అడగలేదు. నీళ్ళు పోశాను.

ఇక ముందు చేయవలసిన పని

2025లో రాష్ట్ర ప్రభుత్వం వికలాంగ పింఛనుదారులను మరల వైద్య పరీక్షలకు పిలిచింది. అర్హత తగ్గిందని నోటీసులు అందుకొన్నవారికి అప్పీలు చేసుకొనే వీలు ఇచ్చింది. అనర్హులు లేరని నేను అనను. కాని చదువురాని చూపులేని మనిషి చేతిలో నోటీసు పెడితే దానిని ఎవరు చదవాలి? తేదీ దాటకముందే సచివాలయంలో అర్జీ ఎవరు వ్రాయాలి? మాచవరం నుండి వైద్య పరీక్షకు వెళ్ళాలంటే కాలు లేని మనిషి తెల్లవారుజామున బయలుదేరాలి, తోడు ఒకరుండాలి, ఆ తోడుకు ఒకరోజు కూలి పోతుంది. ధ్రువపత్రం, యుడిఐడి కార్డు, అప్పీలు అర్జీ అనే మూడు కాగితాలను గురించి తెలిసికొన్న కాపరికి ఈ పనిలో ఖర్చు బస్సు చార్జీ మాత్రమే. దీనికి విదేశీ నిధులు అక్కరలేదు.

పరిశోధన విషయంలో సెమినరీ విద్యార్థులకు ఒక మనవి. రెంటచింతలలో చదివి బయటకు వచ్చినవారు పల్నాటిలోను, బయట జిల్లాలలోను ఇంకా ఉన్నారు. కొందరు ఉపాధ్యాయులయ్యారు, కొందరు గాయకులు, కొందరు పింఛను మీద బ్రతుకుతున్నారు. బాపట్లలో చికిత్స పొంది ఊరు చేరలేక ఆసుపత్రి ప్రక్కనే స్థిరపడిన కుటుంబాలు ఉన్నాయి. మిషను బోర్డుల నివేదికలు అమెరికా గ్రంథాలయాలలో భద్రంగా ఉన్నాయి. అవి ఎక్కడికీ పోవు. వీరి వయస్సు డెబ్భై, ఎనభై. బి.డి. పరిశోధనా వ్యాసానికి అంశం వెదుకుతున్న విద్యార్థి ఒక టేపు రికార్డరో, చేతి ఫోనో పట్టుకొని ఒక వేసవి సెలవు వారి దగ్గర గడిపితే, వారు చదివిన పుస్తకాలేమిటో, ఇంటికి తిరిగివచ్చిన మొదటి ఆదివారం గుడిలో ఎక్కడ కూర్చున్నారో వారి నోటనే తెలుస్తుంది. వేపచెట్టు క్రింద నిలబడిన ఆయన ఇప్పుడు మా సంఘములో పెద్ద. ఆయన చెల్లెలు పెండ్లి అయి వేరే ఊరు వెళ్ళింది కనుక, ఆయన సైగలు ఇప్పుడు నేనే నేర్చుకుంటున్నాను.